చేత్తో చేసిన మట్టి పాత్ర కొలత ఎలా తీసుకోవాలి? ఎగ్జిబిషన్ అప్లికేషన్‌లో ఎక్కువమంది తడబడేది ఇక్కడే

సురాహి చక్కగా కుదిరింది. ఫొటో కూడా బాగా వచ్చింది. ఫీజు కట్టేశారు. ఇక అప్లికేషన్‌లో 'సైజు' అనే గడి మిగిలింది. అక్కడ చాలామంది అందాజుగా ఒక అంకె వేసి ముందుకు వెళ్లిపోతారు. ఆర్ట్ షోలు, క్రాఫ్ట్ ఎగ్జిబిషన్లకు పంపే అప్లికేషన్లలో అన్నిటికన్నా చిన్నగా కనిపించే ప్రశ్న ఇదే. కానీ అందులో తప్పు పడితే రెండు మూడు నెలల కష్టం, కొలిమి ఖర్చు, కట్టిన ఫీజు అన్నీ వృథా అయ్యే ప్రమాదం ఉంది. ఎంపికైన వస్తువు అక్కడికి చేరాక రాసిన కొలతకు సరిపోకపోతే, దాన్ని వెనక్కి పంపే హక్కు నిర్వాహకులకు ఉంటుందని చాలా షోల నిబంధనల్లోనే రాసి ఉంటుంది.

ఇప్పుడు మన ఇళ్లలో కూడా ఆడపిల్లలు, గృహిణులు పాటరీ నేర్చుకుని కప్పులు, కూజాలు, గోడకు తగిలించే ప్లేట్లు చేస్తున్నారు. అమెరికా, గల్ఫ్‌లలో ఉన్న కుటుంబాల్లోనూ ఈ సరదా ఉంది. సరదాగా మొదలైన పని నాలుగు రూపాయలు తెచ్చే పనిగా మారాలంటే ఎగ్జిబిషన్ ఒక మంచి దారి. ఆ దారిలో కొలతల దగ్గర చిక్కుపడకుండా ఉండాలంటే ఏం చేయాలో చూద్దాం.

సైజు ఎందుకు అడుగుతారు?

ఎంపిక చేసే జ్యూరీ వస్తువును చేత్తో పట్టుకుని చూడదు. వాళ్ల ముందు ఉండేది ఫొటో ఒక్కటే. సాదా బ్యాక్‌గ్రౌండ్ మీద తీసిన ఫొటోలో అరచేతిలో పట్టే కప్పు, మోకాలి ఎత్తు కుండ ఒకేలా కనిపిస్తాయి. పక్కన స్కేలు, నాణెం పెట్టకుండా వస్తువు ఒక్కదాన్నే ఫొటో తీయాలని చాలా షోలు కోరతాయి. కాబట్టి అది ఎంత పెద్దదో జ్యూరీకి తెలిసేది కింద రాసిన అంకెలతోనే.

ఎంపిక అయ్యాక కూడా ఆ అంకెలతో పని ఉంటుంది. ఏ స్టాండు మీద పెట్టాలి, అద్దాల బీరువాలో పడుతుందా, పక్క వస్తువుకు ఎంత దూరం ఉంచాలి, కేటలాగులో ఏం అచ్చు వేయాలి, పార్సెల్ ఎంత పెద్దది వస్తుంది, ఇన్సూరెన్స్ కాగితంలో ఏం రాయాలి... ఇవన్నీ ఆ ఒక్క లైను చూసే నిర్ణయిస్తారు.

ముందు ఎత్తు, తర్వాత వెడల్పు, ఆఖరున లోతు

ఆర్ట్ గ్యాలరీలు, మ్యూజియంలలో ఎక్కువగా పాటించే వరుస ఇది: ఎత్తు × వెడల్పు × లోతు. కొరియర్ వాళ్లేమో పొడవు, వెడల్పు, ఎత్తు అని అడుగుతారు. ఈ రెండు వరుసలు కలిసిపోతే గడబిడే. 40 సెంటీమీటర్ల ఎత్తు, 20 వెడల్పు, 20 లోతు ఉన్న పూలకుండీని 20 × 20 × 40 అని రాస్తే, చదివేవాళ్లకు అది ఎత్తు తక్కువగా ఉండి వెనక్కి సాగిన వస్తువు అనిపిస్తుంది. ఫొటోలో మాత్రం నిటారుగా నిలబడి ఉంటుంది. జ్యూరీకి అనుమానం రావడానికి అంతకన్నా ఏం కావాలి?

అమెరికాలో ఎక్కువమంది వాడే కాల్ ఫర్ ఎంట్రీ లాంటి వెబ్‌సైట్లలో ఎత్తుకు, వెడల్పుకు, లోతుకు వేర్వేరు గడులు ఉంటాయి. అక్కడ వరుస తప్పే అవకాశం తక్కువ. ఒకే గడి ఇచ్చి సైజు రాయమంటే మాత్రం అంకెల పక్కన ఏది ఎత్తో, ఏది వెడల్పో కూడా రాసేయడం మేలు.

ఇక్కడ 'లోతు' అనే మాట మనవాళ్లను బాగా తికమక పెడుతుంది. గిన్నె లోతు అంటే మనకు లోపల ఎంత దిగుతుందో అదే గుర్తొస్తుంది. ఎగ్జిబిషన్ భాషలో అది కాదు. వస్తువు ముందు వైపు నుంచి వెనక వైపు దాకా ఉన్న దూరమే లోతు. ఉదాహరణకు 8 సెంటీమీటర్ల ఎత్తు, 18 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న గుండ్రటి గిన్నె లోపల 6 సెంటీమీటర్లే దిగి ఉండొచ్చు. దాని సైజు 8 × 18 × 18 అవుతుంది కానీ 8 × 18 × 6 కాదు.

పిడి, కొమ్ము, మూత... అన్నీ లెక్కలోకే

వస్తువు ఎక్కడెక్కడికి పొడుచుకొచ్చిందో అక్కడి దాకా కొలవాలి. పాత్ర పొట్టను మాత్రమే కొలిచి వదిలేయడం మామూలుగా జరిగే పొరపాటు. బద్నా సంగతే తీసుకుందాం. దాని పొట్ట 16 సెంటీమీటర్లు ఉందనుకుందాం. ఒక పక్క కొమ్ము, ఇంకో పక్క పిడి కలిపితే ఈ చివర నుంచి ఆ చివరకు 25 సెంటీమీటర్లు వస్తుంది. ఎత్తు 22 అయితే దాని సైజు 22 × 25 × 16. కొమ్ము, పిడి వదిలేసి 22 × 16 × 16 అని రాస్తే, 20 సెంటీమీటర్ల స్టాండు సరిపోతుందని అక్కడివాళ్లు అనుకుంటారు. తీరా చూస్తే కొమ్ము గాల్లో వేలాడుతుంది, ఎవరి చేయో తగిలి విరిగే ప్రమాదం ఉంటుంది.

మూత ఉన్న పాత్రను మూత పెట్టే కొలవాలి. మూత మీద బొడిపె ఉంటే దాని కొస వరకు ఎత్తు లెక్క. పాత్ర కింద చెక్క పీట పెట్టి ప్రదర్శించాలనుకుంటే పీటతో కలిపి ఒక కొలత రాసి, 'పీటతో సహా' అని పక్కన చేర్చాలి. గోడకు తగిలించే ప్లేటు అయితే వెనక ఉన్న కొక్కెం కూడా లోతులో భాగమే.

వెడల్పు ఏ వైపు? ఫొటోలో ఎటు నిలబెట్టి చూపించారో అటే. ఫొటోలో కొమ్ము ఎడమకు, పిడి కుడికి ఉంటే ఆ దూరమే వెడల్పు. ఫొటోకు, అంకెలకు పొంతన కుదరాలి.

ఇంట్లో ఉన్న సామానుతోనే పక్కా కొలత

దీనికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. గోడ, నిటారుగా నిలబడే ఒక అట్టపెట్టె లేదా లావుపాటి పుస్తకం, గట్టి అట్ట, పెన్సిలు, స్కేలు ఉంటే చాలు.

ఎత్తు కోసం: పిల్లల ఎత్తు గోడ మీద గీత గీసి కొలుస్తారు కదా, అదే పద్ధతి. నేల చదునుగా ఉన్నచోట పాత్రను గోడ దగ్గరగా పెట్టాలి. గోడ అడుగున బయటికి పొడుచుకొచ్చిన టైల్ పట్టీ లేని చోటు చూసుకోవాలి. పాత్ర అంచు మీద గట్టి అట్టను అడ్డంగా పెట్టి, దాని కొసను గోడకు ఆనించి చిన్న గీత గీయాలి. అట్ట ఒక పక్కకు వాలిందేమో చూసేందుకు దాని రెండు కొసల దగ్గరా నేల నుంచి ఎత్తు కొలిచి చూడాలి. రెండూ ఒకటే అయితే గీత సరిగ్గా పడినట్టు.

వెడల్పు కోసం: పాత్ర ఒక పక్కను గోడకు తగిలేలా పెట్టి, రెండో పక్క అట్టపెట్టెను తగిలేదాకా జరపాలి. పాత్రను మెల్లిగా తీసేసి, గోడకు, పెట్టెకు మధ్య దూరం నేల మీదే కొలవాలి. పిడి ఎంత వంకరగా ఉన్నా ఈ పద్ధతిలో కొలత తప్పదు. పాత్రను పావు వంతు తిప్పి ఇదే పని మళ్లీ చేస్తే లోతు వస్తుంది.

గుండ్రటి పాత్రకు ఇంకో దారి ఉంది. టైలర్ టేపు పొట్ట చుట్టూ తిప్పి, వచ్చిన అంకెను 3.14తో భాగించాలి. చుట్టుకొలత 66 సెంటీమీటర్లు వస్తే అడ్డుకొలత 21. కానీ చేత్తో చేసిన పాత్ర నూటికి నూరుపాళ్లు గుండ్రంగా ఉండదు. అందుకే రెండు మూడు వైపుల నుంచి గోడ పద్ధతిలోనే కొలిచి, వాటిలో పెద్ద అంకె రాయడం మంచిది.

రెండు చిన్న జాగ్రత్తలు. స్కూలు స్కేలు అంచుకు, సున్నా గీతకు మధ్య కొంచెం ఖాళీ ఉంటుంది. స్కేలును నేల మీద నిలబెట్టి కొలిస్తే ఆ ఖాళీ కలవక కొలత తగ్గుతుంది. అలాగే ఏళ్ల తరబడి కుట్టు మిషన్ దగ్గర వాడిన గుడ్డ టేపు సాగిపోయి ఉండొచ్చు. దాన్ని ఓసారి ఇనుప టేపు పక్కన పెట్టి సరిచూసుకోవాలి.

ఇంచులా, సెంటీమీటర్లా?

అప్లికేషన్ ఏది అడిగితే అదే. అమెరికా షోలు ఎక్కువగా ఇంచుల్లో అడుగుతాయి, మన దేశంలో, మిగతా చాలా దేశాల్లో సెంటీమీటర్లు నడుస్తాయి. ఒక ఇంచు అంటే 2.54 సెంటీమీటర్లు. 8 ఇంచులు అంటే 20.3 సెంటీమీటర్లు, 12 ఇంచులు అంటే 30.5. కొందరు ముందు ఇంచుల్లో అందాజుగా కొలిచి, దాన్ని సెంటీమీటర్లలోకి మార్చి, మళ్లీ గుండు అంకెకు సవరిస్తారు. అలా రెండుసార్లు సవరించేసరికి సెంటీమీటరు దాకా తేడా వచ్చేస్తుంది. టేపు మీద రెండు కొలతలూ ఉంటాయి కాబట్టి మార్చడం కన్నా రెండోసారి కొలిచేయడమే సులువు.

గుండు అంకె చేయాల్సి వస్తే పైకే చేయాలి. 20.3 వస్తే 20.5 అనో 21 అనో రాయొచ్చు కానీ 20 అని రాయకూడదు. రాసినదానికన్నా వస్తువు కాస్త చిన్నదైతే ఎక్కడైనా పడుతుంది. పెద్దదైతే పట్టదు.

కొలిమిలోంచి వచ్చాకే కొలత

మట్టి పాత్రకు, మిగతా వస్తువులకు అసలు తేడా ఇదే. చక్రం మీద ఉన్నప్పటి సైజు ఆఖరి సైజు కాదు. తడి ఆరేటప్పుడు ఒకసారి, కొలిమిలో కాలేటప్పుడు ఇంకోసారి మట్టి కుంచించుకుపోతుంది. గ్లేజు వేసి ఎక్కువ వేడిలో కాల్చితే ఇంకా తగ్గుతుంది. 1200 డిగ్రీల సెల్సియస్ దాటించి కాల్చే స్టోన్‌వేర్ మట్టి సాధారణంగా 10 నుంచి 13 శాతం తగ్గుతుంది. పోర్సెలిన్ ఇంకా ఎక్కువ తగ్గొచ్చు. తక్కువ వేడిలో కాల్చే ఎర్రమట్టి మామూలుగా అంతకన్నా తక్కువే తగ్గుతుంది. జైపూర్ బ్లూ పాటరీలో మామూలు బంకమట్టి వాడరు. క్వార్ట్జ్ పొడి, గాజు పొడి, ముల్తానీ మట్టి కలుపుతారు కాబట్టి దాని లెక్క వేరు.

అప్లికేషన్ గడువు దగ్గర పడిందని పచ్చి పాత్ర కొలత రాసేస్తే కాలాక సరిపోదు. అందుకే వాడే మట్టి ఎంత తగ్గుతుందో ముందే తెలుసుకోవాలి. పద్ధతి తేలికే. తడి మట్టితో ఒక పట్టీ చేసి, దాని మీద సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత గీయాలి. దాన్ని మిగతా పాత్రలతో పాటే ఆరబెట్టి, కాల్చాలి. బయటికి వచ్చాక గీత 8.8 సెంటీమీటర్లు ఉంటే ఆ మట్టి 12 శాతం తగ్గినట్టు.

కాలాక 22 సెంటీమీటర్లు రావాలంటే పచ్చిగా ఎంత చేయాలి? 22కు 12 శాతం కలిపితే 24.6 వస్తుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అది కాలాక 21.7 అవుతుంది, 22 రాదు. సరైన లెక్క ఏంటంటే 22ను 0.88తో భాగించాలి. అప్పుడు 25 వస్తుంది. 25లో 12 శాతం పోతే కచ్చితంగా 22 మిగులుతుంది.

పట్టే పరిమాణం ఇంకా ఎక్కువ తగ్గుతుంది. ఎత్తు, వెడల్పు, లోతు మూడూ 12 శాతం చొప్పున తగ్గితే లోపల పట్టేది దాదాపు 32 శాతం తగ్గిపోతుంది. పచ్చిగా ఉన్నప్పుడు 200 మిల్లీలీటర్లు పట్టేలా చేసిన చాయ్ కప్పు, కాలాక 136 మిల్లీలీటర్లే పడుతుంది. ఆర్డర్ల మీద కప్పులు చేసేవాళ్లు ఈ లెక్క గుర్తుపెట్టుకోవాలి.

ఎంత పడుతుందో చూడాలంటే గ్లేజు వేసిన పాత్రను కిచెన్ త్రాసు మీద పెట్టి నీళ్లు పోస్తే సరి. ఒక గ్రాము నీళ్లు అంటే ఒక మిల్లీలీటరు. గ్లేజు లేని మట్టి కూజా నీళ్లు పీల్చుకుంటుంది. దాంట్లో అంచు దాకా బియ్యం నింపి, ఆ బియ్యాన్ని కొలత గ్లాసులో పోసి చూసుకోవాలి.

సైజే నిబంధన అయినచోట

కొన్ని షోలకు సైజే ప్రాణం. అమెరికాలో ఆర్టన్ కోన్ బాక్స్ షో అని ఒకటి ప్రసిద్ధి. కొలిమి వేడి తెలుసుకోవడానికి వాడే కోన్లు వచ్చే పెట్టె 3 × 3 × 6 ఇంచులు ఉంటుంది. ఆ పెట్టెలో పట్టే వస్తువులకే అక్కడ చోటు. అంటే సుమారు 7.6 × 7.6 × 15.2 సెంటీమీటర్లు. కప్పు పిడి పావు ఇంచు బయటికి వచ్చినా పెట్టెలో పట్టదు. చిన్న వస్తువుల షోలు, కప్పుల షోలు కూడా ఇలాగే ఏ వైపూ ఇన్ని ఇంచులు దాటకూడదని షరతు పెడతాయి. అలాంటి చోటికి పంపేటప్పుడు అదే సైజులో ఒక అట్టపెట్టె చేసుకుని, అందులో వస్తువును పెట్టి చూస్తే టేపు కన్నా నమ్మకంగా తెలిసిపోతుంది.

పరిమితికి చాలా దగ్గరగా చేయకపోవడమే మంచిది. కొలిమిలో ఒక మూల వేడి ఎక్కువైతే ఒకే రోజు చేసిన రెండు కప్పులు కూడా తేడాగా వస్తాయి.

సెట్టు అయితే ఎలా?

ఒక కేటిల్, ఆరు కప్పులు పంపితే ఏ కొలత రాయాలి? ముందు నిబంధనలు చదవాలి. ఏమీ చెప్పకపోతే రెండూ రాయడం క్షేమం. అన్నిటినీ ఫొటోలో ఉన్నట్టు పేర్చినప్పుడు ఎంత చోటు పడుతుందో ఒక కొలత, కేటిల్ ఇంత, ఒక్కో కప్పు ఇంత అని విడిగా ఇంకో కొలత. ఎన్ని ముక్కలో కూడా రాయాలి. కప్పులు ఒకదానికొకటి అర సెంటీమీటరు తేడా ఉంటే పెద్ద కప్పు కొలత ఇచ్చి 'సుమారు' అని చేర్చొచ్చు.

పెద్ద పెద్ద ఇన్‌స్టలేషన్ల సంగతి వేరు. వందల ముక్కలను గదిని బట్టి పేర్చే పనులకు 'స్థలాన్ని బట్టి కొలతలు మారతాయి' అని రాసే ఆనవాయితీ ఉంది. 2018లో జైపూర్ జవహర్ కళా కేంద్రంలో మొదటిసారి, 2024లో ఢిల్లీ అర్థ్‌శిలలో రెండోసారి జరిగిన ఇండియన్ సిరామిక్స్ ట్రైనియల్ లాంటి వేదికల మీద ఇలాంటి పనులు కనిపిస్తాయి. కానీ ఒక్క కూజా పంపుతూ ఆ మాట రాస్తే చెల్లదు.

కొరియర్ బిల్లు కూడా కొలతను బట్టే

మట్టి పాత్ర పార్సెల్‌కు కొరియర్ వాళ్లు బరువు ఒక్కటే చూడరు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, చాలా కంపెనీలు దాన్ని 5000తో భాగిస్తాయి. ఆ వచ్చిన అంకె, అసలు బరువు, ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే డబ్బులు.

30 × 20 × 20 సెంటీమీటర్ల సురాహికి చుట్టూ 8 సెంటీమీటర్ల మెత్త వేస్తే పెట్టె 46 × 36 × 36 అవుతుంది. గుణించి 5000తో భాగిస్తే దాదాపు 12. అంటే సురాహి నిజానికి 3 కిలోలే ఉన్నా 12 కిలోల బిల్లు పడుతుంది. పిడిని కొలవడం మర్చిపోయి, అసలు వెడల్పు 26 అని తర్వాత తేలితే పెట్టె వెడల్పు 42 అవుతుంది, బిల్లు 14 కిలోల దగ్గరకు పోతుంది. రానూపోనూ ఖర్చు పెట్టుకోవాల్సిన ఇంటికి ఇది చిన్న తేడా కాదు. ఏ వస్తువు పంపాలో, ధర ఎంత పెట్టాలో నిర్ణయించే ముందే ఈ లెక్క వేసుకోవాలి.

స్టాల్ పెట్టేవాళ్లకూ ఇదే లెక్క

1938లో మొదలై ఏటా జనవరిలో నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో జరిగే నుమాయిష్ కావచ్చు, మాదాపూర్ శిల్పారామం కావచ్చు, ఢిల్లీ హాట్ కావచ్చు. స్టాల్ పెట్టాలనుకుంటే ఒక్కో వస్తువు కొలత తెలిస్తేనే రాక్ మీద ఎన్ని పడతాయో తెలుస్తుంది. మీటరు పొడవు, 30 సెంటీమీటర్ల లోతు ఉన్న రాక్ మీద పిడితో కలిపి 14 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న కప్పులు వరుసకు ఏడు పడతాయి. పిడిని వదిలేసి 10 సెంటీమీటర్లే అనుకుంటే పది పడతాయని లెక్క వేసి, సరుకు ఎక్కువ మోసుకెళ్లి హైరానా పడాల్సి వస్తుంది.

హస్తకళలే జీవనంగా ఉన్నవాళ్లకు కేంద్ర జౌళి శాఖ పరిధిలోని హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ కార్యాలయం 'పెహచాన్' గుర్తింపు కార్డు ఇస్తుంది. ప్రభుత్వ మేళాల్లో చోటు కోసం అప్లై చేసేవాళ్లకు ఇది పనికొస్తుంది.

ఈ కళలో ముస్లిం చేతుల వాటా తక్కువేమీ కాదు. కచ్‌లోని ఖావ్డాలో, ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జాలో ముస్లిం కుమ్మరి కుటుంబాలు తరాలుగా ఈ పనిలో ఉన్నాయి. ఆజంగఢ్ జిల్లాలోని నిజామాబాద్ నల్ల మట్టి పాత్రలకు 2015లో జీఐ గుర్తింపు వచ్చింది. పేరు చూసి మన నిజామాబాద్ అనుకునేరు, అది వేరే ఊరు. నల్లటి పాత్ర మీద వెండిలా మెరిసే ఆ నగిషీ చూస్తే బిద్రీ పని గుర్తొస్తుంది.

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి

ప్రతి పాత్రకు ఒక నంబరు వేసి, కొలిమిలోంచి దించి చల్లారిన రోజే ఈ వివరాలు రాసి పెట్టుకుంటే ఆఖరి నిమిషం గడబిడ ఉండదు:

- పాత్ర పేరు, నంబరు, ఏ మట్టి, ఏ గ్లేజు, ఏ నెల, ఏ సంవత్సరం
- పిడి, కొమ్ము, మూతతో సహా ఎత్తు, వెడల్పు, లోతు. సెంటీమీటర్లలో ఒకసారి, ఇంచుల్లో ఒకసారి
- బరువు, ఎంత పడుతుంది
- ఎన్ని ముక్కలు
- ప్యాక్ చేశాక పెట్టె సైజు, బరువు
- ఏ ఫొటో ఈ పాత్రది

అప్లికేషన్ పంపే ముందు ఇంట్లో ఇంకొకరితో మళ్లీ కొలిపించాలి. మొదటివాళ్లు రాసిన అంకె వాళ్లకు చెప్పకూడదు. ఇద్దరి కొలతలూ కలిస్తే పంపేయొచ్చు. కలవకపోతే మూడోసారి కొలవాలి. దానికి పట్టేది ఐదు నిమిషాలే, ఫీజు కట్టాక తప్పు దిద్దుకునే అవకాశం ప్రతి షోలోనూ దొరకదు.